అప్‌డేట్: స్మార్ట్ బోర్డు మీద తెలుగు పాఠం

ఒడిశాలో పర్లాకిమిడి దగ్గర మా ఒడియా మీడియం బడిలో స్మార్ట్ బోర్డుంది, నెట్ నిలవదు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు ఒడియాలో సైన్సు ఎలా ఎక్కించాలని ఇంతకుముందు ఇక్కడ మిమ్మల్ని అడిగాను కదా. మీరు చెప్పినట్టే బడి పాఠాల వీడియోలుండే ప్రభుత్వ యాప్ దీక్షాలో ఆంధ్రప్రదేశ్ బోర్డు ఎంచుకుని వీడియోలు ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేశాను. ఫోన్‌ను కేబుల్‌తో బోర్డుకు కలిపితే చాలు, నెట్ అక్కర్లేదు.

కిరణజన్య సంయోగక్రియ ముందు తెలుగులో చూపించి, తర్వాత ఒడియాలో చెప్పాను. ఎప్పుడూ నోరు విప్పని అమ్మాయి లేచి "మరి రాత్రిపూట ఆకు ఏం చేస్తుంది మాస్టారూ?" అంది. ఎంత సంతోషమేసిందో! వెలుగు లేకపోతే ఆహారం తయారుకాదు గానీ శ్వాసక్రియ పగలూ రాత్రీ ఆగదని అక్కడే మొదలుపెట్టేశాను.

రాత మాత్రం ఒడియాలోనే, పరీక్ష అందులోనే కాబట్టి. వీడియో మధ్యమధ్యలో ఆపి ప్రశ్నలు వేయండి, లేకపోతే పిల్లలు బొమ్మలు చూసి ఊరుకుంటారు. తెలుగు-ఒడియా సైన్సు పదాల పట్టిక ఉన్నవాళ్లు దయచేసి పంపండి.