ఆరాధనలో అభ్యర్థికి మైకు ఇవ్వొచ్చా? రోమా 13 ప్రకారం సంఘం ఎంతవరకు లోబడాలి?

పెన్నా ఒడ్డు

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. మాది కడప జిల్లాలో, జమ్మలమడుగు దగ్గర పల్లె సంఘం. అరవై కుటుంబాలు, రేకుల గుడి, సొసైటీ రిజిస్ట్రేషన్ ఉంది. ఎన్నికల వేడి మొదలయ్యేసరికి రెండు వర్గాలవాళ్లూ ఆదివారం ఆరాధనకు వస్తాం, ఐదు నిమిషాలు మైకు ఇవ్వండి అంటున్నారు. ఒకాయన గుడికి కొత్త రేకులు, ఆరు ఫ్యాన్లు ఇస్తానని కబురు పెట్టినాడు. పెద్దల్లో ఒకరేమో "పై అధికారులకు లోబడమని బైబిల్లో రోమా పత్రిక 13వ అధ్యాయంలో ఉంది, వద్దంటే అగౌరవం" అంటారు. ఇంకొకరు "మన పౌరస్థితి పరలోకంలో ఉంది, ఓటు జోలికే పోకూడదు" అంటారు. దీనికితోడు తెల్లవారుజాము 5 గంటల ప్రార్థనకు హారన్ మైకు ఆపమని స్టేషన్ నుంచి చెప్పి పంపినారు. ఇక్కడ లోబడాలా, "మనుష్యులకు కాదు దేవునికే" అనాలా? వాక్యం, చట్టం రెండూ తెలిసినవాళ్లు చెప్పండి.

కొండారెడ్డి బురుజు

వందనాలు అన్నా. ముందు ఒక మాట సరిచేసుకుందాం. అభ్యర్థి "పై అధికారి" కాడు. అధికారం ఇవ్వమని మన దగ్గరికి వచ్చినవాడు. ఇప్పుడు పదవిలో ఉన్నాయనే మళ్లీ నిలబడినా, ప్రచారానికి వచ్చినప్పుడు ఆయన అభ్యర్థే. రోమా 13:7 పన్ను, సుంకం, భయం, సన్మానం అని నాలుగు బాకీలు చెప్తుంది. అందులో మైకు లేదు. అపొస్తలుడు పౌలు రోములోని సంఘానికి ఆ పత్రిక, అంటే ఉత్తరం, రాసేనాటికి అక్కడ చక్రవర్తి నీరో. అంటే మంచి పాలకుడు కాబట్టి లోబడమన్నాడనుకోవడానికి వీల్లేదు. పదవికి లోబడమన్నాడు, ఆ పదవిలోని మనిషికి భజన చేయమనలేదు. 1 పేతురు 2:17లో మాటల తేడా గమనించండి: దేవునికి భయం, రాజుకు సన్మానం. రెండింటినీ కలిపేస్తే ఎక్కువ తక్కువలు వస్తాయి.

ఇక చట్టం. మత సంస్థల దుర్వినియోగ నివారణ చట్టం, 1988 అని ఒకటుంది. చాలా సంఘాలకు దాని పేరే తెలీదు. గుడి ఆవరణను గానీ, సంఘం జరిపే కూడికను గానీ రాజకీయ ప్రచారానికి వాడనివ్వకూడదు. పార్లమెంటు, శాసనసభలే కాదు, స్థానిక సంస్థల అభ్యర్థుల కోసం చేసేదీ అందులోకే వస్తుంది. శిక్ష ఐదేళ్ల దాకా జైలు, 10 వేల రూపాయల దాకా జరిమానా. ముందు పట్టుకునేది గుడిని నడిపేవాళ్లను, అంటే అయ్యగారు (పాస్టరు), కార్యదర్శి, కోశాధికారి. ఆ తప్పుతో సంబంధం ఉన్న ఎవరికైనా అదే శిక్ష. ఎన్నికల ప్రవర్తనా నియమావళి కూడా చర్చి, మసీదు, గుడి ప్రచార వేదికలు కాకూడదనే చెప్తుంది. మతం పేరు చెప్పి ఓటడగడం ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ కింద అవినీతి చర్య. 2017 జనవరి 2న ఏడుగురు జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం (4–3 తేడాతో) దీన్ని విస్తరించింది. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరుతో అడిగినా తప్పే. కాబట్టి "మన క్రైస్తవుల ఓట్లు ఫలానా ఆయనకే" అని ప్రసంగ వేదిక మీది నుంచి అంటే, మేలు చేద్దామనుకున్న అభ్యర్థికే అది చుట్టుకోవచ్చు.

ఓటే వద్దనే పెద్దాయనకు: పరలోక పౌరుడైన పౌలే ఫిలిప్పీలో తన రోమా పౌరసత్వం గుర్తుచేశాడు (అపొస్తలుల కార్యములు 16:37), కైసరయలో కైసరు (రోమా చక్రవర్తి) ఎదుటే విచారణ కావాలన్నాడు (అపొ. కార్యములు 25:11). పౌరహక్కు వాడుకోవడం అవిశ్వాసం కాదు. ఎవరికి వేయాలన్నది మాత్రం సంఘం చెప్పే విషయం కాదు.

తాడిపత్రి బండ

మైకు సంగతి నేను చెప్తా. రాజాజ్ఞను కాదని ప్రార్థన చేసిన దానియేలు మాట ఇక్కడ అందరూ ఎత్తుతారు. ఆయనకు ప్రార్థననే నిషేధించారు. మీకు ఎవరూ ప్రార్థన ఆపమనలేదు, హారన్ ఆపమన్నారు. రెండూ ఒకటి కాదు.

శబ్ద కాలుష్య నియమాలు 2000వ సంవత్సరంలో వచ్చినాయి. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయటికి మైకు పనికిరాదు. మీ 5 గంటల ప్రార్థన నేరుగా అందులో పడుతుంది. మూసిన హాల్లో, లోపలివాళ్లకు వినపడేటట్టు పెట్టుకోవడానికి మినహాయింపు ఉంది. అరవై కుటుంబాల గుడికి, తెల్లారి వచ్చే పాతికమందికి, నిజానికి మైకే అక్కర్లేదు. పగలు వాడాలన్నా రాతపూర్వక అనుమతి కావాలి. ఇచ్చేది కలెక్టరు, లేదా నియమించిన డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి. "ఎస్సై గారు సరే అన్నారు" అనేది అనుమతి కాదు. అట్లే మీకు ఆపమని వచ్చిన నోటిమాటను కూడా కాగితం మీద అడగొచ్చు, మర్యాదగా.

కొలత ఎంతంటే, నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించి ఉంటే 50, 40. గుడి కప్పు మీద హారన్ కడితే ఈ లెక్కలో ఇమడదు. హారన్ శబ్దాన్నంతా ఒకే దిక్కుకు తోస్తుంది. గుడి లోపల వెనక వరసకు సరిగ్గా వినపడదు, రెండు వీధుల అవతల నిద్రపోయేవాళ్లకు మాత్రం ఖణేల్‌మంటుంది. దాన్ని దించేసి లోపల గోడలకు నాలుగు చిన్న బాక్సులు పెట్టి, ముఖం కిందికి, జనం వైపు తిప్పండి. వాల్యూం సగంలో ఉన్నా వాక్యం తేటగా వినపడుతుంది. రేకుల గుడి గనక మోత ఎక్కువ. బాస్ తగ్గించండి.

పండగలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి గరిష్ఠంగా 15 రోజులు, రాత్రి 10 నుంచి 12 దాకా సడలింపు ఇవ్వొచ్చు. క్రిస్మస్, డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలకు ఆ ఏడాది ఉత్తర్వు వచ్చిందేమో ముందే కనుక్కోండి. ఈస్టర్ తెల్లవారుజాము కూడికకు ఆ సడలింపు కూడా అందదు, అది 12 దాకానే కదా.

పగటి అనుమతి కారణం లేకుండా ఆపితే ఊరుకోమని కాదు. అర్జీ రెండు కాపీలు రాసి, ఒకదాని మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. పని కాకపోతే సోమవారం కలెక్టరేట్లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు ఆ స్టాంపు కాపీతోనే పోవాలి. అది లేకుండా పోతే మళ్లీ మొదటికే పంపుతారు.

సండే స్కూల్ అక్క

పైన ఇద్దరు అన్నలూ చట్టం బాగా చెప్పినారు. మన సీమలో అసలు గాయం లోపల అవుతుంది. ఒక వర్గానికి మైకు ఇచ్చిన ఆదివారం నుంచి రెండో వర్గం కుటుంబాలు బల్లకు (ప్రభురాత్రి భోజనానికి) రావడం మానేస్తాయి. ఇంకో రెండు నెలలకు వేరే షెడ్డు లేస్తుంది. 1 కొరింథీ 11లో పౌలు ప్రభురాత్రి భోజనం గురించి మందలించింది ఇలాంటి కక్షల మీదే.

అభ్యర్థిని గుమ్మంలోనే ఆపమంటే నేను ఒప్పుకోను. గుడి తలుపు అందరికీ తెరిచే ఉంటుంది. వచ్చి కూర్చుని వాక్యం విని పోనీండి. కానీ ముందు వరసలో కుర్చీ, దాని మీద తువాలు, శాలువా, పేరు పెట్టి స్వాగతం, ఇవేవీ వద్దు. బంగారు ఉంగరం పెట్టుకుని వచ్చినవాడికి మంచి చోటు చూపించే సంఘాన్ని యాకోబు 2లో ఎట్ల కడిగినాడో చదవండి. ఎవరొచ్చినా చాప మీదైతే చాప మీదే. కండువా, జెండా, కరపత్రం, ఫోటోగ్రాఫర్ బయటే. 1 తిమోతి 2:1-2 ప్రకారం ప్రార్థన చేయండి, అయితే పదవుల పేర్లతో: ముఖ్యమంత్రి, కలెక్టర్, సర్పంచి, పోలీసులు. మనిషి పేరు, పార్టీ పేరు వద్దు. ఎన్నికలప్పుడే కాదు, ఏడాదంతా చేస్తే ఎవరికీ అనుమానం రాదు.

పెద్దల్లో ఎవరైనా పార్టీ ఏజెంటుగా కూర్చుంటున్నారా? అది వాళ్ల హక్కు. కానీ ఫలితాలు వచ్చేదాకా కానుకల లెక్క, ప్రకటనలు చదవడం, ఆరాధన నడపడం వేరేవాళ్లకు అప్పగించాలి. ఇద్దరు విశ్వాసుల మధ్య మాట పెరిగితే మత్తయి 18 వరస తప్పొద్దు: మొదట ఒంటరిగా, తర్వాత ఒకరిద్దరు సాక్షులతో, చివరికే సంఘం. మనవాళ్లు తిరగేస్తారు, మొదట వాట్సాప్ గ్రూపు, చివర్లో ఒంటరిగా. ఎన్నికలయ్యేదాకా సంఘం గ్రూపులో అడ్మిన్లు మాత్రమే రాసేటట్టు సెట్టింగ్ మార్చేయండి.

గుత్తి కోట

రేకులు, ఫ్యాన్లు తీసుకోవద్దు. ఓటు కోసం ఇచ్చే వస్తువు లంచమే, గుడి కప్పు మీద ఉన్నంత మాత్రాన కానుక అయిపోదు. "ఎన్నికలయ్యాక ఇవ్వండి, రసీదు రాసి తీసుకుంటాం" అనండి. చాలామంది మళ్లీ కనపడరు.

ఇంకోటి, అడగకపోయినా చెప్తున్నా. రోమా 13 పేరు చెప్పి అభ్యర్థికి కుర్చీ వేసే సంఘాలు అదే అధ్యాయాన్ని పెళ్లి రిజిస్టరు దగ్గర మర్చిపోతాయి. భారత క్రైస్తవ వివాహ చట్టం, 1872 ప్రకారం పెళ్లి చేయడానికి అధికారం ఉండాలి. బిషప్ చేతుల మీదుగా అభిషేకం పొందిన గురువులకు అది ఉంటుంది. స్వతంత్ర సంఘం పాస్టరుకు రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు కావాలి. లేకుండా చేస్తే పదేళ్ల దాకా శిక్ష రాసి ఉంది. మామూలుగా పెళ్లి పొద్దున 6కు, సాయంత్రం 7కు మధ్యే జరగాలి. మన దగ్గర ఊరేగింపు లేటై రాత్రి ఎనిమిదికి ప్రమాణాలు చేయించడం మామూలైపోయింది. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండినట్టు కాగితం చూడకుండా తేదీ ఇవ్వొద్దు. బాల్యవివాహం జరిపించినవాళ్లకు 2006 చట్టం కింద రెండేళ్ల దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా. "వాళ్ల అమ్మానాన్న ఒప్పుకున్నారు" అనేది అయ్యగారిని కాపాడదు.

పెన్నా ఒడ్డు

చాలా ఉపయోగం అన్నా, అక్కా. హారన్ ఈ వారమే దించేస్తాం. ఒక చిక్కు మిగిలింది. మా పెద్దాయన ఒకరు ఒక వర్గానికి వచ్చే ఆదివారం మైకు ఇస్తామని మాట ఇచ్చేసినాడు. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే రెండోవాళ్ల వైపు పోయినారంటారు.

కొండారెడ్డి బురుజు

ఒక్కరికే చెప్తే అట్లే అంటారు. రేపే పెద్దల కమిటీ కూర్చుని తీర్మానం రాయండి, మినిట్స్ పుస్తకంలో అందరి సంతకాలతో. మాట ఇచ్చిన పెద్దాయన సంతకం తప్పనిసరి. తర్వాత ఇద్దరు అభ్యర్థులకూ ఒకే ఉత్తరం, పేరు తప్ప అక్షరం తేడా లేకుండా: "1988 చట్టాన్ని, ఎన్నికల నియమావళిని అనుసరించి మా ఆరాధనలోగానీ గుడి ఆవరణలోగానీ ఏ పార్టీకీ, ఏ అభ్యర్థికీ మాట్లాడే అవకాశం ఇవ్వలేము. ఆరాధనకు మీరు ఎప్పుడైనా రావచ్చు." అంతకుమించి ఒక్క వాక్యం కూడా చేర్చొద్దు. క్షమాపణలు, పొగడ్తలు చేర్చిన చోటే తేడాలు వెతుకుతారు. ఒకే సాయంత్రం, ఒకే ఇద్దరు పెద్దలు రెండిళ్లకూ పోయి ఇచ్చి రావాలి, వాళ్లలో మాట ఇచ్చినాయన ఒకరు. టీ తాగితే రెండుచోట్లా తాగండి, లేదంటే రెండుచోట్లా వద్దు. మూడో కాపీ గుడి నోటీసు బోర్డు మీద.