వైజాగ్‌లో ఎసెన్షియల్ ఆయిల్స్ షాపు: చవక మల్లె నూనె పెట్టాలా వద్దా?

ఎంవీపీ సువాసన

అందరికీ నమస్తే అండి. ఎంవీపీ కాలనీలో చిన్న షాపు నడుపుతున్నాను, ఎసెన్షియల్ ఆయిల్స్, ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ అత్తర్లు, సాంబ్రాణి, వట్టివేళ్ళు, ఇలాంటివి. రైతు బజారుకి వచ్చి అటు నుంచి అటే మా షాపుకి తొంగి చూసేవాళ్ళే ఎక్కువ. నిమ్మగడ్డి, సిట్రొనెల్లా, నీలగిరి బాగానే పోతున్నాయి, మన ఊరి గాలిలో తేమ సంగతి తెలిసిందే కదా, వానాకాలం వస్తే ప్రతి ఇంట్లో అల్మారాలు ముక్కిన వాసనే.

చిక్కంతా పూల దగ్గరే. వచ్చిన ప్రతి ఇద్దరిలో ఒకరు మల్లె ఉందా సంపెంగ ఉందా అని అడుగుతారు, అసలు మల్లె ఆబ్సొల్యూట్, అంటే పూల నుంచి తీసిన గాఢమైన సారం, ఒక ఎంఎల్ రేటు చెప్పగానే సీసా కింద పెట్టేసి వెళ్ళిపోతారు. ఇప్పుడు ఒక సప్లయర్ రోజూ వాట్సాప్‌లో పంపుతున్నాడు, "మల్లె ఎసెన్షియల్ ఆయిల్, స్టీమ్ డిస్టిల్డ్, 100 శాతం నేచురల్" అని, 10 ఎంఎల్ 150కి అమ్మినా నాకు సగం మిగులుతుంది. మా వారు పెట్టెయ్, అందరూ అదే అమ్ముతున్నారు అంటున్నారు. నాకు మనసొప్పట్లేదు, అలాగని అద్దె ఆగదు కదా. నలుగురూ ఏం చేస్తున్నారో చెప్పండి. ఇంకోటి, ఎండాకాలం పోయాక ఆరెంజ్, నిమ్మ నూనెల వాసన తేడాగా ఉంటోంది, అవి అమ్మొచ్చా?

ల్యాబ్ మనిషి

మేడమ్, నేను ఫ్లేవర్స్ కంపెనీలో క్వాలిటీ సైడ్ చాలా కాలం చేశాను. ఆ మెసేజ్‌లో "స్టీమ్ డిస్టిల్డ్ మల్లె" అన్న మాట దగ్గరే ఆగిపోండి. మల్లెపూవుని ఆవిరిలో పెడితే ఉడికిపోతుంది, ఆ వాసన రాదు, అందుకే హెక్సేన్ అనే సాల్వెంట్‌తో తీసి కాంక్రీట్ అనే మైనం లాంటి ముద్ద చేసి దాన్ని ఆల్కహాల్‌తో కడిగి ఆబ్సొల్యూట్ చేస్తారు, తమిళనాడు వైపు ఆ ఫ్యాక్టరీలు ఉన్నాయి. టన్ను పూలు పోస్తే చేతికి వచ్చేది సుమారు కిలో, కిలోన్నర. పూర్ణా మార్కెట్‌లో మూర మల్లెపూల రేటు పెట్టుకుని లెక్క వేసుకోండి, 10 ఎంఎల్ 150కి ఎలా వస్తుందో.

ముక్కుతో కూడా తెలుస్తుంది. కాగితం స్ట్రిప్ మీద ఒక చుక్క వేసి పక్కన పెట్టి, గంటకోసారి చూడండి. సింథటిక్ అయితే మొదట ఎలా ఉందో చివరికీ అలాగే తియ్యగా, చదునుగా ఉంటుంది. అసలుది మారుతూ పోతుంది, మొదట పచ్చి పచ్చిగా పండు లాగా, తర్వాత మల్లెలో ఉండే ఇండోల్ అనే పదార్థం వాసన బయటికి వచ్చి, రాత్రంతా జడలో ఉన్న దండని పొద్దున తీసి వాసన చూస్తే ఎలా ఉంటుందో అలా. ఆ కొంచెం వాడిన వాసన లేకపోతే నేను నమ్మను.

నీలగిరి, నిమ్మగడ్డి లాంటివాటికి తెల్ల కాగితం చాలు, చుక్క ఆరిపోయాక జిడ్డు మరక మిగిలితే అందులో మామూలు నూనె కలిసినట్టే. గంధానికి, వట్టివేరుకి ఈ పరీక్ష పనికిరాదు, అవి బరువు నూనెలు, మరక ఎలాగూ ఉంటుంది. డీపీజీ లాంటి, నూనెని పలుచన చేసే వాసన లేని సాల్వెంట్ కలిపితే కూడా కాగితం పట్టుకోలేదు, దానికి జీసీఎంఎస్ రిపోర్టే, అంటే నూనెలో ఏ పదార్థం ఎంత ఉందో చూపే ల్యాబ్ రిపోర్టే కావాలి. రిపోర్ట్ అడిగినప్పుడు మీకు పంపే బ్యాచ్ నంబరుదే అడగండి, ఎప్పటిదో ఒక పీడీఎఫ్ అందరికీ పంపేవాళ్ళు ఉన్నారు. బయట చేయించుకోవాలంటే కన్నౌజ్‌లో ఎఫ్‌ఎఫ్‌డీసీ (సువాసనల, ఫ్లేవర్ల అభివృద్ధి కేంద్రం) ఉంది, 1991లో పెట్టిన కేంద్ర సంస్థ. గంధం నూనె అయితే రిపోర్ట్‌లో శాంటలాల్ అనే గంధం వాసన పదార్థం చూడండి, ఐఎస్‌ఓ ప్రకారం ఆల్ఫా 41 నుంచి 55 శాతం, బీటా 16 నుంచి 24 శాతం మధ్య ఉండాలి. సింహాచలం చందనోత్సవం దగ్గర పడితే గంధం నూనె అడిగేవాళ్ళు ఎక్కువవుతారు, కల్తీ సరుకు దిగేది కూడా అప్పుడే.

ఆరెంజ్, నిమ్మ గురించి: వాసన మారిందంటే వాటిలోని లిమొనీన్ అనే పదార్థం గాలి తగిలి ఆక్సిడైజ్ అయింది, చర్మానికి ఎలర్జీ తెస్తుంది, ఒంటికి రాసుకునేవాళ్ళకి అస్సలు అమ్మొద్దు. పెద్ద సీసాలో సగం ఖాళీ ఉంచకండి, ఆ ఖాళీలో ఉన్న గాలే పాడు చేస్తుంది, చిన్న అంబర్ సీసాల్లోకి నిండుగా మార్చేయండి.

వన్‌టౌన్ అత్తరు

అమ్మా, మాది పాత ఊళ్ళో అత్తరు కొట్టు, నాన్నగారి కాలం నుంచీ. ఆ సరుకు పెట్టుకో, తప్పు లేదు, కానీ దాని మీద "మల్లె సెంటు" అని రాయి, అసలు నూనెల అరలో మాత్రం పెట్టకు. మా కొట్లో రెండు అరలు వేరు, ఎడమ పక్కది సెంటు, కుడి పక్కది పూల సరుకు, అడగకముందే చెప్పేస్తాం. బురుజుపేట అమ్మవారి గుడికి మార్గశిర లక్ష్మివారాలు వచ్చే జనంలో చాలామందికి కావాల్సింది చక్కటి వాసన, అంతే, వాళ్ళకి సెంటు చాలు. అసలుది కావాల్సినవాడు వేరే, వాడు సీసా తిప్పి తిప్పి అడుగుతాడు, ఆ ఒక్కడు నీ మాట నమ్మాడంటే ఇంకో పదిమందిని తీసుకొస్తాడు.

నీకు ఒకటి చెప్తాను, మొగలి పెట్టు. గంజాం మనకి ఎంత దూరం, బరంపురం దాటితే వచ్చేస్తుంది, అక్కడి కేవడా రూహ్‌కి, అంటే మొగలి నూనెకి, జీఐ (ప్రాంతం పేరు మీద ఇచ్చే గుర్తింపు) కూడా ఉంది. మగ చెట్టు పొత్తుకే ఆ వాసన, దాన్నే డేగులనే రాగి పాత్రల్లో నీళ్ళతో కాచి ఆవిరి పట్టి తీస్తారు. నీళ్ళలో తీసిన నూనె విడిగా వస్తే రూహ్, ఆవిరిని గంధం నూనెలోకి పట్టిస్తే అత్తరు. ఇప్పుడు గంధం రేటు చూసి చాలామంది పారఫిన్ నూనెలోకి పట్టిస్తున్నారు, అందుకే కొనేటప్పుడు బేస్ ఏంటని అడుగు. మన శ్రీకాకుళం తీరం వాళ్ళకి మొగలి వాసన పుట్టుకతో తెలుసు, వాళ్ళకి వివరించక్కర్లేదు, మూత తీస్తే చాలు. 3 ఎంఎల్ సీసాలు పెట్టు, మనిషికి కొనే ధైర్యం వస్తుంది.

ల్యాబ్ మనిషి

పెద్దాయన చెప్పింది బాగుంది, ఒక్క జాగ్రత్త. మొగలి నూనెలో ముప్పావు వంతు దాకా ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్ అనే ఒక్క పదార్థమే, అది ల్యాబ్‌లో చవగ్గా దొరుకుతుంది, అందుకే మొగలిలో కల్తీ తేలిక. తెలిసిన డేగు దగ్గరికి వెళ్ళి కళ్ళారా చూసి తెచ్చుకోండి, సీజన్ వానాకాలమే.

గాజువాక లెక్కలు

అక్కా, అకౌంట్స్ పని చేస్తాను, రెండు మాటలు. నువ్వే నూనెలు కలిపి రోల్ ఆన్ చేసి నీ లేబుల్ వేసి అమ్ముదామనుకుంటే అది కాస్మెటిక్ తయారీ కిందకి వస్తుంది, 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం లైసెన్స్ కావాలి. సొంత యూనిట్ లేనివాళ్ళకి లోన్ లైసెన్స్ అని ఉంది, లైసెన్స్ ఉన్నవాళ్ళ దగ్గర చేయించుకోవచ్చు. ప్యాకెట్ మీద తయారుచేసినవాళ్ళ పేరు అడ్రస్, నెల సంవత్సరం, ఎంత ఉందో, ఎంఆర్‌పీ, కంప్లయింట్ నంబరు తప్పవు. బోర్డు మీద "షుగర్ తగ్గుతుంది" లాంటివి రాయకు, 1954 మ్యాజిక్ రెమెడీస్ చట్టంలో, నయం చేస్తామని ప్రకటించకూడని జబ్బుల్లో షుగర్ పేరు ఉంది, పక్క కొట్టువాడు రాశాడు కదా అని మనం రాయకూడదు. కొరియర్‌లో పంపితే ముందే చెప్పి సర్ఫేస్‌లో, అంటే రోడ్డు మార్గంలో పంపు, ఇవి చాలావరకు మండే ద్రవాలు, మామూలుగా విమానంలో తీసుకోరు.

ఇద్దరు పిల్లల అమ్మ

కొనేవాళ్ళ వైపు నుంచి ఒక మాట చెప్పనా అండీ. నాకు జలుబు చేసిన బాబుకి నీలగిరి ముక్కు దగ్గర రాయమని ఒక షాపులో చెప్పారు, తర్వాత డాక్టరమ్మ గట్టిగా కోప్పడ్డారు, చిన్నపిల్లలకి ముఖం మీద ఆ నూనె, కర్పూరం రాయకూడదట, నోట్లోకి పోతే ఫిట్స్ కూడా రావచ్చట. మీరు అమ్మేటప్పుడే ఇది చెప్తే నేను మీ దగ్గరే కొంటాను. పెద్దవాళ్ళకి కూడా కొబ్బరి నూనెలో ఎంత కలపాలో సీసా మీద రాయండి, ఏమీ కలపని పచ్చి నూనె నేరుగా ఒంటికి రాసేసుకునేవాళ్ళు మా అపార్ట్‌మెంట్‌లోనే ఉన్నారు.

ఎంవీపీ సువాసన

చాలా థ్యాంక్స్ అండి అందరికీ. రెండు అరలు వేరు చేస్తాను, ఆ సప్లయర్‌కి బ్యాచ్ రిపోర్ట్ పంపమని ఇప్పుడే మెసేజ్ పెట్టాను, చూసి ఊరుకున్నాడు. పిల్లల సంగతి పెద్ద అక్షరాలతో కౌంటర్ మీద పెడతాను. 30 ఎంఎల్ కొబ్బరి నూనెకి 12 చుక్కలు అని రాస్తే సరిపోతుందా? ఇంకా, స్టాక్ అంతా ఫ్రిజ్‌లో పెట్టేస్తే పోదా?

ల్యాబ్ మనిషి

12 చుక్కలంటే దాదాపు 2 శాతం, పెద్దవాళ్ళ ఒంటికి సరే, ముఖానికి అయితే 1 శాతం చాలు, 6 అని రాయండి. ఫ్రిజ్‌లో ఆరెంజ్, నిమ్మ, టీ ట్రీ పెట్టండి, వాటికి మంచిది. గంధం, వట్టివేరు, పచౌలీకి అక్కర్లేదు, అవి బీరువాలో చీకట్లో ఉంటే ఏడాదికేడాది బాగుపడతాయి. అసలు గులాబీ నూనె ఫ్రిజ్‌లో గడ్డకడుతుంది, కంగారు పడి స్టవ్ దగ్గర పెట్టకండి, గుప్పిట్లో కాసేపు పట్టుకుంటే కరిగిపోతుంది.