జెన్‌లో ఎస్టీమ్ ఇంజిన్ రోజువారీ వాడకానికి నిలుస్తుందా?

ప్రశ్న: కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపే పాతతరం పరికరం) ఉన్న నా మారుతీ జెన్ కారులోని 993 సీసీ ఇంజిన్ పొగ విడుస్తున్నందున, దాని స్థానంలో మారుతీ ఎస్టీమ్ కారు 1298 సీసీ ఎంపీఎఫ్‌ఐ (ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే) ఇంజిన్ అమర్చి, రోజూ కార్యాలయానికి నడపాలనుకుంటున్నాను. ఏమేమి మార్చవలసి ఉంటుంది?

జవాబు 1: రెండూ సుజుకీ జీ శ్రేణి ఇంజిన్లే గనుక, దించి ఎక్కించడం కంటే వైరింగే ఎక్కువ పని పెడుతుంది, ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్), సెన్సార్లు, వైరింగ్ అన్నీ ఒకే కారు నుంచి తెచ్చుకోండి. కార్బురేటర్‌కు సరిపోయిన పాత పెట్రోలు పంపు ఇంజెక్టర్లకు కావలసిన పీడనాన్ని ఇవ్వలేదు కాబట్టి విద్యుత్ పంపు తప్పదు. ఇంజిన్ శక్తి పెరుగుతుంది గనుక బ్రేకుల సంగతి మరవకండి, చాలామంది మరుస్తారు.

జవాబు 2: ట్యూనింగ్‌లో మైలేజీ కోసం పెట్రోలు-గాలి మిశ్రమాన్ని మరీ పలుచన (పెట్రోలు తక్కువ) చేయించకండి, నిలకడగా నడిచేటప్పుడు పెట్రోలు ఒక పాలుకు గాలి బరువులో 14.7 పాళ్ల దగ్గర ఉండాలి.

జవాబు 3: వాహనంలో చేసే మార్పుల గురించి చెప్పే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ను ముందుగా చదవండి. ఆర్‌సీలో సీసీ, ఇంజిన్ నంబరు ఉంటాయి, ఇంజిన్ మారిస్తే అవి సరిపోవు.

ప్రశ్నించినవారు: అయితే పాత ఇంజిన్‌కే బోరింగ్ (అరిగిన సిలిండర్లను తొలిచి సరిచేయడం) చేయిస్తాను.