తిరుగు అనువాదం సరిపోలితే ప్రశ్నావళి ప్రామాణికమైనట్టేనా?

గణాంక పరిశోధక విద్యార్థి:
పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ రోగుల జీవన నాణ్యతను కొలిచే ఈఓఆర్‌టీసీ (యూరప్ క్యాన్సర్ పరిశోధన సంస్థ) వారి సీఆర్29 ప్రశ్నావళిని ఏ భాషలోకి తేవాలన్నా, ఇద్దరు విడివిడిగా అనువదిస్తారు, ఆ రెంటినీ ఒకటి చేస్తారు, మరో ఇద్దరు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మార్చాక మూలంతో సరిచూస్తారు. ఆపైన కొద్దిమంది రోగులను కూర్చోబెట్టి ఒక్కో ప్రశ్న ఎలా అర్థమైందో అడగమంటారు. తెలుగు రోగులపై అధ్యయనానికి సిద్ధమవుతున్న నాకు ఈ చివరి మెట్టు అంత అవసరమనిపించడం లేదు. పది పదిహేను మంది మాటల కంటే, ఎక్కువమంది చేత నింపించి క్రాన్‌బాక్ ఆల్ఫా (ఒకే కొలమానంలోని ప్రశ్నలకు జవాబులు ఎంతగా ఒకదానితో ఒకటి పొసుగుతాయో చెప్పే అంకె) 0.70 దాటిందా, కొన్నాళ్ళ తర్వాత అడిగితే అవే జవాబులు వచ్చాయా అని చూడటమే గట్టి రుజువు కదా?

క్యాన్సర్ వార్డు నర్సు:
మీరు నమ్ముకున్న ఆల్ఫా ఇందులో ఎన్ని ప్రశ్నలకు వర్తిస్తుందో ముందు లెక్క వేయండి. 29 ప్రశ్నల్లో రెండు మూడు చొప్పున కలిపి కొలమానాలుగా కూడేవి 9 మాత్రమే. ఒకటి మలం చేరే బ్యాగు పొట్ట మీద ఉందా లేదా అని అడిగేది. మిగిలిన 19 విడి ప్రశ్నలు, విడి ప్రశ్నకు ఆల్ఫా కట్టడమే కుదరదు. చర్మం పుండు పడటం, గ్యాసు, నలుగురిలో సిగ్గుపడటం వంటి రోగి బాధలన్నీ దాదాపు అక్కడే ఉన్నాయి.

పొట్ట మీద బ్యాగు ఉన్న ఒక పెద్దావిడకు చదువు రాదు కనుక నేనే చదివి వినిపించాను. గడిచిన వారంలో పగటిపూట బ్యాగు తరచూ మార్చాల్సి వచ్చిందా అంటే, "లేదమ్మా, నాలుగు రోజులకొకటే మారుస్తాను" అన్నారు. "అస్సలు లేదు" అన్న గడిలో గుర్తు పెట్టబోయి, మరి నిండితే ఏం చేస్తారని అడిగాను. బాత్రూములో క్లిప్పు తీసి, పారబోసి, కడిగి మళ్ళీ పెట్టుకుంటున్నారట, పగలే ఏడెనిమిది సార్లు! బ్యాగు ఖరీదు తట్టుకోలేక మార్చడం తగ్గించుకున్న మనిషి, మన కాగితం మీద ఏ ఇబ్బందీ లేని మనిషిగా తేలబోయారు. అనువాదంలో ఒక్క మాట తప్పు లేదు, తిరుగు అనువాదం కూడా అచ్చంగా సరిపోతుంది. పది రోజుల తర్వాత అడిగినా ఆవిడ అదే చెబుతారు, తప్పు జవాబు నిలకడగా వచ్చినందుకు మీ గణాంకం దాన్ని విశ్వసనీయత అంటుంది.

కోడలు పక్కనుంటే లైంగిక జీవితంపై ప్రశ్నలకు ఎవరూ నోరు విప్పరు. ఆ గడులు ఖాళీగా ఎందుకున్నాయో కూడా పక్కన కూర్చుంటేనే తెలుస్తుంది.

గణాంక పరిశోధక విద్యార్థి:
విడి ప్రశ్నల సంగతి ఒప్పుకుంటున్నానండి, నేను అటువైపు ఆలోచించలేదు. కానీ "మార్చడం లేదా ఖాళీ చేయడం" అని మనం కలిపితే, వేరే భాషల్లో వచ్చిన ఫలితాలతో మనవి పోల్చలేం. ఈఓఆర్‌టీసీ అనుమతి లేకుండా మాట మార్చే వీలూ లేదు.

క్యాన్సర్ వార్డు నర్సు:
మాట మీరే మార్చేయమని నేను అనడం లేదు. అయితే ఇప్పుడున్న మాటతో మాత్రం పోలిక కుదురుతోందా? బ్యాగు నిండినప్పుడల్లా కొత్తది పెట్టుకునేవారిని, ఒక్కదాన్నే కడిగి వాడుకునేవారిని ఒకే అంకెతో కొలుస్తున్నాం కదా. పెద్ద అధ్యయనం మొదలుపెట్టకముందే ఆ పదిహేను మందితో మాట్లాడండి, బ్యాగు ఉన్నవారు, చదువు రానివారు అందులో తప్పకుండా ఉండాలి. వారి మాటలను ఉన్నవి ఉన్నట్టుగా రాసి, ఈఓఆర్‌టీసీలో అనువాదాలు చూసే విభాగానికి పంపండి. కావాలంటే ఆ పెద్దావిడ అనుమతి అడిగి, ఆవిడ అన్న మాటను పేరు లేకుండా నేనూ రాసి ఇస్తాను.