సమస్య: "తప్పు దిద్దినంత తప్పు పెరిగె"

నూలుపోగు: ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను. పూరణ మాత్రం కోడులో తప్పులు పట్టే పనిముట్ల చుట్టూనే తిరగాలి. బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ 1978లో రాసిన లింట్ మొదలు ఏదైనా సరే. (బట్టకంటిన నూలుపోగుల మీద దానికా పేరు. నా పేరూ అక్కడ కొట్టేసిందే.) యతి తప్పితే ఊరుకోను.

సెమికోలన్:

హెచ్చరికలు పోవ నెత్తివేసిరి రెండు
వరుస లంతె, గుట్టు బట్టబయలు
తాళపుచెవు లన్ని దాదాపు నొకటాయె
తప్పు దిద్దినంత తప్పు పెరిగె

2006లో డెబియన్ అనే లినక్స్ రకంలో జరిగిన సంగతి. విలువ పెట్టని మెమొరీని వాడుతున్నారని మెమొరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్ సణిగితే, రహస్య తాళపుచెవులు తయారుచేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో రెండు వరుసలు తీసేశారు. 2008 మే దాకా బయటపడలేదు.

నూలుపోగు: రెండో పాదం హాయిగా నడిచింది. వ–బ యతి బాగుంది. మూడో పాదంలోనే చిక్కు. దాదాపు + ఒకటి కలిస్తే "దాదాపొకటి" అవ్వాలి, మధ్యలో నకారం ఎక్కడిదండీ?

గుణింతం: భావంలోనూ తేడా ఉంది. తాళాలన్నీ ఒకటి కాలేదు. తాళపుచెవులు పుట్టే యాదృచ్ఛిక సంఖ్యలకు ఆధారంగా ప్రాసెస్ ఐడీ (నడుస్తున్న ప్రోగ్రాముకిచ్చే అంకె) ఒక్కటే మిగిలింది, అంటే 32,768 దారులు. వరసబెట్టి తిప్పి చూస్తే తెరుచుకుంటుంది. పైగా ఆ రెండు వరుసల్లో ఒకటి తీసినా నష్టం లేనిదే. అచ్చం దానిలాగే కనబడే రెండోదాన్నీ పీకేయడంతో కొంప మునిగింది. ఇంకొకటి, వాల్‌గ్రైండ్ ప్రోగ్రామును నడిపించి చూస్తుంది. లింట్ నడపకుండా చదువుతుంది. రెంటినీ ఒకే గాటన కట్టకండి.

సెమికోలన్: ఒప్పుకున్నాను. మూడో పాదం మార్చాను: "తాళపుచెవు లెల్ల దారిలో దొరికెను".

నూలుపోగు: ఇప్పుడు పద్యమైంది.

కాపీపేస్టు:

నకలు కొట్టినట్టి నాలుగు చోట్లలో
నొక్క చోట సరిగ నొడిసిపట్టి
మురిసిపోతి నేను, మూడింట మిగిలెను
తప్పు దిద్దినంత తప్పు పెరిగె

గుణింతం: మిగిలిందన్నారు, బాగుంది. పెరిగిందెక్కడ? సమస్య తీరకుండానే పద్యం అయిపోయింది.

కాపీపేస్టు: పెరిగిందండీ. నాలుగూ ఒకేలా ఉన్నన్నాళ్లూ నకళ్లు పట్టే పనిముట్టు నాలుగింటినీ కలిపి చూపించేది. ఒకదాన్ని దిద్ది, పేర్లు మార్చి, షరతు తిప్పేసరికి అది గుంపులోంచి జారిపోయింది. మర్నాడు ఇంకొకరు రెండోదాన్ని ఇంకో రకంగా దిద్దారు. ఇప్పుడు దేనికదే.

గుణింతం: మరి ఆ ముక్క పద్యంలో చెప్పరేం? వచనంలో దాచుకుంటే ఎలా?

కాపీపేస్టు: "మురిసిపోతి, నాల్గు ముఖములు వేరయ్యె". సరేనా?

నూలుపోగు: సరే. "నేను" పోవడం ఇంకా మంచిది.

పాతబ్రాంచి:

చదవలేని ఫైలు చక్కబడగ లింటు
తుదకుఁ జేరి చూపె తొల్లి దాగి
యున్న వాటి నెల్ల, యొకటి నలుబదాయె
తప్పు దిద్దినంత తప్పు పెరిగె

ఒక బ్రాకెట్టు మూయలేదు. ఈఎస్‌లింట్ (జావాస్క్రిప్టుకు లింట్ లాంటిది) ఒకే ఒక్క పార్సింగ్ ఎర్రర్, అంటే చదవలేకపోయానని, చెప్పి ఆ ఫైలును వదిలేసింది. బ్రాకెట్టు మూశాను, నలభై వచ్చిపడ్డాయి. మూసినందుకు నన్నే తిట్టారు.

సెమికోలన్: "తుదకుఁ జేరి" దగ్గర నవ్వాగలేదు. నిజంగానే ఫైలు చివరిదాకా వెళ్లగలిగింది పాపం.

నూలుపోగు: నా ఓటు దీనికే. మిగతా రెంటిలో తప్పు నిజంగా పెరిగింది. ఇందులో పెరిగింది లెక్కే, అయినా సమస్య మాట పొల్లుపోలేదు. వచ్చే వారానికి: "చదువు రాని వాడె చదివె నెల్ల". లింట్‌ను కాక ఇంకెవరినైనా పట్టుకురండి.