పాత మారుతి జిప్సీ ముందు చక్రం మోత, ఒకవైపే అరిగిన బ్రేక్ ప్యాడ్: బేరింగ్ మారిస్తే సరిపోతుందా?

పాడేరు జిప్సీ:
అన్నలందరికీ నమస్కారం. నాది 2009 మోడల్ జిప్సీ, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. పాడేరు ఘాట్ మీదే ఎక్కువ తిరుగుతుంది, వానాకాలంలో గెడ్డలు (కొండవాగులు) కూడా దాటాలి. ఈమధ్య 50 దాటితే ముందు ఎడమవైపు నుంచి గూఁ... అని ఒకటే మోత. కుడికి తిరిగే వంపులో పెరుగుతుంది, ఎడమ వంపులో దాదాపు ఆగిపోతుంది. విప్పి చూస్తే అదే చక్రానికి లోపలి బ్రేక్ ప్యాడ్ రేకు దాకా అరిగిపోయింది, బయటిది సగం పైనే ఉంది. కుడి చక్రంలో రెండూ బాగున్నాయి. ఘాట్ దిగాక ఎడమ హబ్ (చక్రం నడిభాగం) మీద వేడికి చెయ్యి పెట్టలేం. గతుకుల్లో కొంతదూరం పోయాక మొదటిసారి బ్రేక్ తొక్కితే పెడల్ కిందికి పోతోంది, రెండోసారికి గట్టిగా నిలుస్తోంది. బేరింగ్, ప్యాడ్లు మార్చేస్తే అయిపోతుంది అంటున్నాడు మెకానిక్. ఇంకేమైనా చూడాలా? ఇంట్లోవాళ్లని ఎక్కించుకుని ఘాట్ దిగాలంటే టెన్షన్‌గా ఉంది.

గుబ్బల టైరు:
తమ్ముడూ, టైర్లు ఏవి? గుబ్బల టైర్లు మెట్లు మెట్లుగా అరిగితే అచ్చం బేరింగ్ మోతే వస్తుంది. ముందువి వెనక్కి వేసి చూడు. మోత కూడా వెనక్కి పోతే బేరింగ్ జోలికి పోకు. తారు రోడ్డు మారగానే శబ్దం మారుతున్నా టైరే.

పాడేరు జిప్సీ:
మామూలు హైవే టైర్లే అన్నా. మార్చి చూశాను, మోత ఎక్కడిదక్కడే.

షెడ్డు బాబాయ్:
అబ్బాయ్, మీ మెకానిక్ చెప్పింది తప్పు కాదు, సగమే. కుడి వంపులో బండి బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది. అప్పుడే మోత పెరుగుతోందంటే ఎడమ బేరింగ్ పోయినట్టే. కానీ అదెందుకు పోయిందో చూడకుండా కొత్తది వేస్తే అదీ ఎక్కువ రోజులు ఉండదు. ఆ లోపలి ప్యాడ్ ఊరికే అరగలేదు. బ్రేక్ వదిలినా అక్కడ పట్టుకునే ఉంటోంది. ఆ వేడి హబ్బులోకి పోయి గ్రీజు కరుగుతుంది, బేరింగ్ పొడిగా తిరుగుతుంది. బేరింగ్ లూజయ్యాక డిస్కు ఊగుతూ ప్యాడ్లనీ, వాటిని నొక్కే పిస్టన్‌నీ వెనక్కి నెడుతుంది. గతుకుల తర్వాత నీ పెడల్ మొదటిసారి కిందికి పోయేది బహుశా అందుకే.

చూసే పద్ధతి చెప్తాను. చదునైన చోట ఆపి, వెనక చక్రాలకి రాళ్లు వేసి, హబ్ లాక్ (ముందు చక్రాన్ని యాక్సిల్‌తో కలిపేది) ఫ్రీలో పెట్టి ముందు జాకీ ఎత్తు. కింద స్టాండ్ లేకుండా చెయ్యి పెట్టొద్దు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపు. ఆట (లూజు) ఉంటే లోపల ఒకర్ని బ్రేక్ తొక్కి పట్టుకోమను, మళ్లీ ఊపు. తొక్కితే ఆట పోతే బేరింగ్. తొక్కినా ఊగుతుంటే అది కింగ్‌పిన్ (స్టీరింగ్ తిప్పితే చక్రం పక్కకి తిరిగే ఇరుసు), జిప్సీకి ఆ జబ్బు కూడా ఉంది. పక్కలకి ఊపినప్పుడు మాత్రమే కదిలితే ముందు టై రాడ్ ఎండ్లు (స్టీరింగ్ కడ్డీల చివరి కీళ్లు) చూసుకో.

ఇప్పుడు బ్రేక్. ఇంజన్ ఆన్‌లో పెట్టి నాలుగైదుసార్లు తొక్కి వదిలించు, వెంటనే చక్రం తిప్పు. బిగుసుకుని ఉంటే కాలిపర్ (ప్యాడ్లనీ పిస్టన్‌నీ పట్టుకునే భాగం) మీది బ్లీడర్ నట్టు (బ్రేక్ ఆయిల్ బయటికి వదిలేది) కాస్త వదులు చెయ్యి. ఆయిల్ చిమ్మి చక్రం ఫ్రీ అయితే ప్రెషర్ లోపలే ఆగిపోతోంది. మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని తోసేది) తప్పయితే సాధారణంగా రెండు వైపులా పట్టేది, నీకు ఒక వైపే కాబట్టి ఆ చక్రం రబ్బరు హోస్ మీద అనుమానం. పాత హోస్ పైకి నిక్షేపంగా కనపడుతుంది, లోపల ఉబ్బిపోయి ఆయిల్‌ని పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. బ్లీడర్ వదిలినా చక్రం తిరగకపోతే పిస్టనో, కాలిపర్ జరిగే పిన్నులో పట్టేశాయి. పిన్నులు పట్టేస్తే కాలిపర్ పక్కకి జరగదు, పిస్టన్ వైపున్న లోపలి ప్యాడే మొత్తం పని చేస్తుంది. నాకైతే మొదటి అనుమానం దానిమీదే.

వెనక డ్రమ్ములు కూడా విప్పించు. చాలామంది వదిలేసేది ఇక్కడే. వెనక బ్రేకులు పట్టకపోతే ఆ భారమంతా ముందు ప్యాడ్లే మోస్తాయి. యాక్సిల్ ఆయిల్ సీల్ కారి బ్రేక్ షూల (డ్రమ్ముని లోపలినుంచి పట్టేవి) మీద గేర్ ఆయిల్ పడిందేమో చూడు. లోపలి దుమ్ముని గాలి కొట్టి ఊదనివ్వకు, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిగుడ్డతో తుడిస్తే చాలు.

పాడేరు జిప్సీ:
బాబాయ్, మీరన్నట్టే. బ్రేక్ తొక్కితే ఆట పోయింది. బ్లీడర్ వదిలినా చక్రం ఫ్రీ కాలేదు. కింది పిన్ను తుప్పు పట్టి సుత్తి దెబ్బలకి గానీ ఊడలేదు. హబ్ విప్పితే గ్రీజు పాలు కలిపిన కాఫీలా ఉంది, రోలర్లు నీలంగా మారాయి, అవి దొర్లే కప్పు మీద చిన్న చిన్న గుంటలు. వెనక షూలని డ్రమ్ముకి దగ్గరగా ఉంచే అడ్జస్టర్లు రెండూ బిగుసుకుపోయాయి. ఇన్నాళ్లూ ముందు బ్రేకుల మీదే దిగుతున్నానన్నమాట!

షెడ్డు బాబాయ్:
ఆ రంగు నీళ్లు కలిసిన గ్రీజుది. ఘాట్ దిగి వేడిగా ఉన్న హబ్బుని చల్లటి గెడ్డలోకి దించితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుని, సీల్ పక్కనుంచి నీళ్లని లోపలికి లాక్కుంటుంది. దాటేముందు కాసేపు ఆగు. నీలం రంగు వేడికి వచ్చింది. అంటే నీకు రెండూ జరిగాయి.

బేరింగ్ రోలర్లు ఒక్కటే మార్చి పాత కప్పు ఉంచేద్దామంటే ఒప్పుకోకు, సెట్టుగా మార్చాలి, సీల్‌తో సహా. గ్రీజు పైపైన పూయడం కాదు, రోలర్ల సందుల్లోకి ఎక్కేదాకా అరచేతిలో పెట్టి నొక్కాలి. నట్టు బిగించేటప్పుడు హబ్ తిప్పుతూ బిగించాలి, మాన్యువల్‌లో చెప్పిన బిగువు దాటకూడదు. లాక్ వాషర్ కొత్తది వెయ్యి. పిన్నులకి బ్రేకులకి వాడే సిలికాన్ గ్రీజే పెట్టు, మామూలుది పెడితే రబ్బరు బూట్లు ఉబ్బుతాయి. డిస్కు మందం కొలిపించు. ప్యాడ్లు మాత్రం రెండు వైపులా కొత్తవే.

బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో తెలియకపోతే ఇప్పుడే మార్పించు. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చాక ఆ హద్దు 140కి పడిపోవచ్చు. ఘాట్‌లో పెడల్ మెత్తబడేది అందుకే. దిగేటప్పుడు చిన్న గేరులో దిగు.

గుబ్బల టైరు:
తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసుకుని తిరగట్లేదు కదా? జిప్సీకి సెంటర్ డిఫరెన్షియల్ (ముందు, వెనక యాక్సిళ్లని వేర్వేరు వేగంతో తిరగనిచ్చేది) లేదు.

పాడేరు జిప్సీ:
లేదన్నా, బురదలోనే. సామాన్లు విశాఖ నుంచి తెప్పిస్తున్నా. బిగించాక ఏం చూసుకోవాలి?

షెడ్డు బాబాయ్:
మొదట ఘాట్ ఎక్కకు. చదునైన రోడ్డు మీద, బ్రేక్ వీలైనంత తక్కువ వాడుతూ కొంతదూరం పోయి ఆగి, నాలుగు హబ్బుల దగ్గరా చెయ్యి తాకించకుండా వేడి చూడు. ఎడమది కుడిదానికంటే బాగా వేడిగా ఉంటే బ్రేక్ ఇంకా పడుతోంది, లేదా నట్టు ఎక్కువ బిగిసింది. ఒక వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ జాకీ ఎత్తి ఆట చూడు. కొత్త కప్పులు పూర్తిగా కూర్చున్నాక కాస్త లూజు రావచ్చు, అప్పుడు నట్టు ఇంకోసారి సరిచేయిస్తే చాలు.