కొత్త స్టీరియో బిగించాక ఎఫ్‌ఎం గరగరలాడుతోంది: లోపం సెట్టుదా, యాంటెన్నాదా?

అలిపిరి వాసి:
గత నెలలో నా కారులోని కంపెనీ సెట్టు తీయించి, తిరుపతిలోనే ఒక దుకాణంలో 9 అంగుళాల ఆండ్రాయిడ్ స్టీరియో పెట్టించాను. పాత సెట్టులో ఆకాశవాణి తిరుపతి ఎఫ్‌ఎం చంద్రగిరి దాటాక కూడా శుభ్రంగా వినిపించేది. ఇప్పుడు తిరుచానూరు రోడ్డు మీదే గరగరమంటోంది. బయటి సెట్లన్నీ ఇంతేనని, సిగ్నల్ పెంచే బూస్టర్ వేసుకోమని దుకాణం ఆయన అంటున్నారు. మా బావగారేమో సెట్టు తిరిగి ఇచ్చేయమంటున్నారు. యాంటెన్నా పైకప్పు వెనుక భాగాన జానెడు పొడవున ఉంటుంది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఏది చేయాలో కారణంతో సహా చెప్పగలరు.

రేణిగుంట రోడ్డు:
సెట్టు మార్చడమే మార్గం. చవక ఆండ్రాయిడ్ సెట్లలో ఖర్చంతా తెరకూ మెమరీకీ పోతుంది, స్టేషన్లను పట్టే రేడియో ట్యూనర్ పేరుకు మాత్రమే ఉంటుంది. మీరే చెప్పినట్టు యాంటెన్నా మారలేదు, మారింది సెట్టు ఒక్కటే. ఇక అనుమానం ఎందుకు?

చిత్తూరు వైరింగ్:
పై మిత్రుని తర్కం సబబుగానే కనిపిస్తుంది కానీ, మారింది సెట్టు ఒక్కటే అన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం. సెట్టుతో పాటు యాంటెన్నాకు అందే కరెంటు దారి కూడా మారింది. 100 మెగాహెర్ట్జ్ దగ్గర రేడియో తరంగం పొడవు సుమారు 3 మీటర్లు, అందులో నాలుగో వంతు, అంటే 75 సెంటీమీటర్ల కడ్డీ ఉంటే సిగ్నల్ బాగా పట్టుకుంటుంది. వెనకటి కార్లకు ముందువైపు లాగి పెట్టుకునే పొడవాటి కడ్డీ అందుకే ఉండేది. మీ జానెడు కడ్డీకి ఆ పొడవు లేదు కనుక, చాలా కార్లలో దాని మొదట్లోనే సిగ్నల్‌ను పెంచే చిన్న ఆంప్లిఫయర్ అమర్చి ఆ లోటు పూడుస్తారు. ఆ ఆంప్లిఫయర్‌కు 12 వోల్టులు కావాలి. అనేక కార్లలో కంపెనీ సెట్టు ఆ కరెంటును యాంటెన్నా కేబుల్ గుండానే పంపిస్తుంది. బయటి సెట్లు సాధారణంగా అలా పంపవు, వెనుక వేరే నీలి వైరు ఇస్తాయి. దాన్ని కరెంటు ఎక్కించే వీలున్న యాంటెన్నా అడాప్టర్‌కు కలపాలి. తొందరలో ఉన్న మేస్త్రీ ఆ వైరును మడిచి టేపు చుట్టి లోపలికి తోసేయడం నేను ఎన్నో కార్లలో చూశాను.

సెట్టు ముందుకు లాగి, రేడియో ఆన్ చేసి, నీలి వైరు కొసకూ ఎర్త్‌కూ (కారు బాడీ లోహానికీ) మధ్య వోల్టులు కొలిచే మల్టీమీటర్ పెట్టి చూడండి. 12 వోల్టులు వస్తూ ఆ వైరు ఎక్కడా కలిసి లేకపోతే దొంగ దొరికినట్టే. కలిపేటప్పుడు మాత్రం సెట్టు ఆపి ఉంచండి, వైరు బాడీకి తగిలితే షార్ట్ అవుతుంది.

రేణిగుంట రోడ్డు:
ఆంప్లిఫయర్‌కు కరెంటే అందకపోతే ఒక్క స్టేషన్ కూడా రాకూడదు కదా? వారికి గరగరతోనైనా వస్తోంది. బూస్టర్‌ను కూడా మీరు కాదంటారా?

చిత్తూరు వైరింగ్:
కరెంటు లేని ఆంప్లిఫయర్ సిగ్నల్‌ను పూర్తిగా ఆపదు, బాగా తగ్గించి కొంత కొంత కారుతున్నట్టు వదులుతుంది. ఊళ్లో బలంగా ఉన్న స్టేషన్ తడబడుతూ రావడం, ఊరు దాటగానే మాయమవడం దాని లక్షణమే. ఇక బూస్టర్ సంగతి. సెట్టు వెనుక పెట్టే బూస్టర్ అక్కడికి చేరిన సిగ్నల్‌తో పాటు గోలను కూడా పెంచుతుంది, చేరని దాన్ని పుట్టించలేదు. కాబట్టి దానికి డబ్బు పెట్టవద్దనే అంటాను.

ఘాట్ ప్రయాణికుడు:
మధ్యలో ఒక మాట. బాగు చేయించాక పరీక్ష కోసం తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కకండి. ఎఫ్‌ఎం దాదాపు చూపు మేర సాగే తరంగం, లోయ వైపు మలుపులో పలికి కొండ చాటున ఆగిపోతుంది. అది ఏ సెట్టు తప్పూ కాదు.

అలిపిరి వాసి:
నిన్న సాయంత్రం చిత్తూరు మిత్రులు చెప్పినట్టే సెట్టు ముందుకు లాగించాను. నీలి వైరు నల్ల టేపు కింద మడిచి ఉంది, మీటరు 12.3 చూపింది. అడాప్టర్‌కు కలిపాక చంద్రగిరి వరకు వెళ్లి వచ్చాను, పాట ఎక్కడా తెగలేదు. అయినా సన్నని ఈల ఒకటి మిగిలింది. వెతగ్గా వెతగ్గా అది సిగరెట్ సాకెట్‌లో డ్యాష్‌కామ్ కోసం పెట్టిన చవక ఛార్జర్ పని అని తేలింది. దాన్ని పీకితే ఈల పోతుంది, పెడితే వస్తుంది.

రేణిగుంట రోడ్డు:
వైరు విషయంలో నా అంచనా తప్పింది, ఒప్పుకుంటాను. కానీ పాకాల దాటాక కంపెనీ సెట్టే మెరుగ్గా పట్టుకుంటుందన్న మాట మాత్రం వదలను.

అలిపిరి వాసి:
పాత సెట్టు మా ఇంటి అటక మీదే ఉంది. ఆదివారం దాన్ని దింపి, అదే కారులో, అదే దారిలో, ఒకసారి దీనితో, ఒకసారి దానితో పాకాల దాకా వెళ్లి వచ్చి ఇక్కడే రాస్తాను.